తూకం

ఇరవై ఎనిమిదో నెంబరు బస్సు. కంచరపాలెం దాటాక
సీటుకీ రేకుకీ మధ్య సందులో
దొరికింది.
నల్ల కవరు. కవరులో గుడ్డ. గుడ్డ చుట్టూ నీలం వల దారం.
చుట్టూ చూశాను.
చూడడమే మొదటి తప్పేమో.
నాదే అయితే ఎందుకు చూస్తాను?

ఆ ముడికి నా గోళ్లు చాలలేదు.
పళ్లతో లాగాను. ఉప్పగా తగిలింది.
పద్దెనిమిది వేల నాలుగు వందలు.
ప్రతి నోటూ ఎండుచేప వాసన.

డబ్బుకి పేరుండదంటారు.
ఇంటిపేరుతో సహా వాసనేస్తుంటే
లేదని ఎలా అనుకోను?

షాపులో జిరాక్స్ మిషన్ మూత వేస్తూ లోకనాథం అన్నాడు:
"సముద్రం ఒడ్డుకి ఏటి విసిరితే అది ఏరుకున్నోడిదే గురూ,
దుంగైనా, పీపా అయినా."
నిజమే. కానీ సముద్రం
సాయంత్రం ఇంటికెళ్లి కొంగు దులుపుకోదు.
బస్సు దిగిన మనిషి దులుపుకుంటుంది.
రెండుసార్లు, మూడుసార్లు.
తర్వాత ఎవరినో తిడుతుంది, బహుశా తననే.

కండక్టరుకి ఇవ్వొచ్చు. డిపోలో ఇవ్వొచ్చు.
రేపు ఇవ్వొచ్చు.
మూడు రేపులు అయిపోయాయి.
మూడోనాడు అందులోంచి రెండొందలు తీశాను.
పిల్లకి జ్వరమొచ్చిందని రాస్తే బాగుండేది.
రాలేదు.
జగదాంబ దగ్గర బిర్యానీ తిన్నాను, కూల్‌డ్రింకుతో.
బాగుంది కూడా.
ఆ బాగుండడమే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

ఆదివారం పూర్ణా మార్కెట్, ఎండుచేపల వరస.
"ఎవరికైనా ఏదైనా పోయిందా?" అన్నాను.
ఎంత తెలివితక్కువ ప్రశ్న!
అందరికీ పోయింది.
ఒకామెకి చెవి దిద్దు, ఒకామెకి రేషన్ కార్డు,
ఒకామె నిరుడు తప్పిపోయిన మేక సంగతి మొదలెట్టింది.
నేననకముందే ఇద్దరు డబ్బన్నారు.
వాళ్లని తప్పుపట్టే ముఖం
నాకెక్కడిది?

మూలన ఒకామె మాత్రం తలెత్తలేదు.
సావళ్లు కట్టలు కడుతోంది,
నీలం వల దారంతో.
ముడివేసి, పంటితో కొరికి, వేసి, కొరికి.

మైలపల్లి పరదేశమ్మ.
కవరు ముందు పెడితే డబ్బు చూడలేదు,
ముడి చూసింది.
బూటు లేసుకి వేసే ముడి, నేను వేసింది.
"ఇది నా ముడి కాదు బావూ."

నా చెవులు కాలాయి.
"లెక్కపెట్టుకో అమ్మా" అన్నాను,
పెట్టొద్దని లోపల మొక్కుకుంటూ.
ఆమె పెట్టలేదు.
అరచేతిలో ఉంచి, చేపని ఎత్తినట్టు
ఓసారి ఎత్తి దించింది.
నా ముఖంలోకి చూసింది.
"సరిపోనాది" అంది.

ముప్పై ఏళ్లుగా చేత్తో తూచే మనిషికి
ఒక్క నోటు తేడా తెలియదంటారా?
నాకు తెలీదు.
అప్పుడు అడగాల్సింది. అడగలేదు.
ఆమె మళ్లీ కట్టింది, ఈసారి తన ముడి.
దారం కొస కొరికింది.

జీతమొచ్చిన ఆదివారం మళ్లీ వెళ్లాను.
వందకి నెత్తళ్లు పొట్లం కట్టించుకుని
మూడొందలు గోనె మీద పెట్టి
వెనక్కి చూడకుండా నడిచాను,
అప్పు తీర్చినవాడిలా, నిజానికి దొంగలా.

కూరగాయల వరస దాకా వచ్చేశాను.
"బావూ! ఓ బావూ!"
చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది,
రొప్పుతూ, చెయ్యి చాపి.
చేతిలో రెండొందలు.
"డబ్బులు మర్సిపోనావు. ఎవులి కష్టం ఆలది కదా,
నా దగ్గిరెందుకు?"

వంకాయల వాడు చూస్తున్నాడు.
కరివేపాకు ముసలమ్మ చూస్తోంది.
చెప్పడానికి అదే సమయం. నాలుక మీదే ఉంది,
మళ్లీ ఆ ఉప్పు.

తీసుకున్నాను.